రొయ్యల గుంట మీద కాకులు: బొమ్మ, అరుపు, మాటు... మన దగ్గర ఏది పనిచేస్తుంది?

అల్లూరు వనామి (ప్రశ్న):

అల్లూరు మండలంలో ఎకరంన్నర గుంటలు రెండు. వనామి రొయ్య, వేసి నలభై రోజులు దాటింది. తెల్లారీ తెల్లారకముందే కాకులు దిగుతుండాయి. చెక్ ట్రే (రొయ్య మేత తిన్నదో లేదో చూసే పళ్లెం) బల్ల మీద కొన్ని, గట్టు వెంబడి కొన్ని, మొత్తం అరవై డెబ్భై దాకా ఉంటాయి. కుర్రోడు అరిస్తే లేచి పక్క గట్టు మీద కూర్చుంటాయి, వాడు అటు తిరగంగానే మళ్లీ ఇటు. రెండు గుంటల అవతల ఒకరికి వైట్ స్పాట్ (రొయ్యకు వచ్చే తెల్ల మచ్చల జబ్బు) వచ్చిందని అంటుండారు, అందుకే భయం.

అమెరికా వాళ్ల వీడియోల్లో కాకుల్ని వేటాడటం చూశా. ప్లాస్టిక్ కాకులు పెట్టి, స్పీకర్లో అరుపులు వేసి, ఆకుల గుడ్డలు కప్పుకుని దాక్కుంటారు. గుంపులు గుంపులుగా వచ్చి పడుతుండాయి. ఆన్‌లైన్లో ప్లాస్టిక్ కాకులు ఆరు, గుడ్లగూబ ఒకటి తెప్పించి గట్టు మీద పెట్టా. బ్లూటూత్ బాక్సులో యూట్యూబ్ అరుపులు పెట్టా. కాకులు తగ్గకపోగా పెరిగినాయి! ఎయిర్ గన్ కొంటే పోతుందా? తెలిసినోళ్లు చెప్పండన్నా.

---

గట్టు మీద మాట:

తమ్ముడూ, ముందు ఎయిర్ గన్ సంగతి తేల్చుకో. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో కాకి చాలా కాలం ఐదో షెడ్యూలులో ఉండేది. అంటే ఎలుకలు, పండ్లు తినే గబ్బిలాలతో పాటు 'హానికర జంతువు' లెక్క, ఎవరు చంపినా అడిగేవాళ్లు లేరు. 2022 సవరణతో ఆ షెడ్యూలునే ఎత్తేశారు. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఇప్పుడు కాకి రెండో షెడ్యూలులో ఉంది. కేంద్రం ఫలానా ప్రాంతంలో, ఫలానా కాలానికి అని ప్రత్యేకంగా ప్రకటిస్తేనో, రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా అనుమతిస్తేనో తప్ప చంపకూడదు. దొరికితే మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. .177 ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదని షాపువాడు చెప్పేది నిజమే కావచ్చు. కానీ ఆ మినహాయింపు తుపాకీకే, దానితో కాకిని కొట్టడానికి కాదు.

ఉచ్చులు పెట్టడం, విషం పెట్టడం, గూళ్లు పీకడం, గుడ్లు పగలగొట్టడం కూడా చట్టంలో వేట కిందకే వస్తాయి. అన్నంలో గుళికలు కలిపి గట్టు మీద పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. అది కాకితో ఆగదు. ఆ కాకిని తిన్న కుక్కా పోతుంది, గద్దా పోతుంది, వాన పడితే ఆ మందు నీళ్లలోకి దిగి నీ రొయ్యా పోతుంది. పురుగుమందు సోకితే చావడంలో రొయ్య పురుగుకేం తీసిపోదు.

ఇక నువ్వు చూసిన వీడియో. కాకులు రాత్రి పడుకునే చోటు నుంచి మేతకు రోజూ దాదాపు ఒకే దారిలో పోతాయి. వాళ్లు ఆ దారి కింద చెట్ల వరసలో, నీడలో కూర్చుంటారు. గాలి వీపు వైపు నుంచి వచ్చేటట్టు చూసుకుంటారు. పక్షి ఎదురుగాలికి దిగుతుంది కాబట్టి నేరుగా వాళ్ల ముఖం మీదికే వస్తుంది. ఇరవై, ఇరవై ఐదు గజాల దూరంలో పది పన్నెండు బొమ్మ కాకులు పెడతారు. అందరికంటే పైకొమ్మ మీద కావలి కాకి లాగా ఒకటి, అందరికీ కనిపించేటట్టు కర్ర మీద గుడ్లగూబ. స్పీకర్లో కాకి–గుడ్లగూబ కొట్లాట అరుపు. చుట్టుపక్కల కాకులన్నీ గుడ్లగూబను తరమడానికి వస్తాయి. 12 బోరు తుపాకీ, సన్న గుండ్లు. ఒక చోట పావుగంట నుంచి అరగంట, తర్వాత సామాను సర్దుకుని మైళ్ల అవతలికి పోతారు. అక్కడ కూడా ఇష్టమొచ్చినట్టు కాల్చడానికి లేదు. 1972 నుంచి కాకి వాళ్ల వలస పక్షుల చట్టం కిందికి వచ్చింది. ఏడాదికి గరిష్ఠంగా 124 రోజుల సీజన్, అదీ గూళ్లు కట్టే ముమ్మరంలో కాదు. పంటకు నష్టం జరుగుతుంటే విడిగా వెసులుబాటు ఉంది.

పావుగంటకే చోటు ఎందుకు మారుస్తారో పట్టుకో, మిగతాదంతా అక్కడే ఉంది. తప్పించుకున్న కాకి ఆ బొమ్మను, ఆ అరుపును, ఆ చోటును గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ రాదు, పక్కవాటినీ రానివ్వదు. వేటగాడికి అది నష్టం. నీకు కావాల్సింది సరిగ్గా అదే.

---

ఇందుకూరుపేట ఆక్వా:

పైన అన్న చెప్పింది సరైంది. వేటలో పని రెండు భాగాలు. మొదటిది పిలవడం, రెండోది భయపెట్టడం. నువ్వు మొదటిది మాత్రం చేసి ఆపావు.

నిటారుగా కూర్చున్న ప్లాస్టిక్ కాకి పైనుంచి పోయే కాకికి చెప్పేది ఒకటే: 'ఇక్కడ మేత ఉంది, ప్రమాదం లేదు, దిగు'. ఆరు కాకులు గట్టు మీద నిశ్చింతగా కూర్చుని ఉంటే ఏడోది రాకుండా ఎందుకుంటుంది? గుడ్లగూబ ఇంకా ఘోరం, అది కాకులకు పేరంటం పిలుపు. మొదటి రెండు మూడు రోజులు గోల చేస్తూ చుట్టూ తిరుగుతాయి. అది కదలదని తేలాక దాని నెత్తి మీదే కూర్చుంటాయి. ఈరోజే రెండూ తీసెయ్.

పెట్టాల్సింది చచ్చిన కాకి బొమ్మ. నిజం కాకిని చంపి వేలాడదీయొద్దు, ఎక్కడన్నా చచ్చి పడిందాన్ని తెచ్చి కట్టినా అటవీ శాఖ వాళ్లకు సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది. పైగా పక్షి జబ్బులున్న కాలంలో చచ్చిన పక్షిని చేత్తో పట్టుకోవడం మంచిది కాదు. బొమ్మే చేసుకో.

ఒంటికి థర్మోకోల్ గానీ కొబ్బరి పీచు ఉండ గానీ తీసుకో. ముక్కు నుంచి తోక దాకా 40–43 సెంటీమీటర్లు, రెక్కలు విప్పితే 75–85. పైన నల్ల కాటన్ గుడ్డ కుట్టు. శాటిన్, ప్లాస్టిక్ వద్దు. ఎండలో తళతళలాడితే కాకికి అది వంద మీటర్ల నుంచే బొమ్మ. చికెన్ కొట్టు దగ్గర నల్ల నాటుకోడి రెక్క ఈకలు, తోక ఈకలు అడిగి తెచ్చుకో. ఒక్కో రెక్కకు పది పన్నెండు ఈకలు, మొదట్లో దారంతో బిగించి కట్టు. జిగురుతో అంటిస్తే ఉప్పుగాలికి వారంలో ఊడి వస్తాయి. మన ఊళ్లలో వచ్చేది ఎక్కువగా ఇంటి కాకి కాబట్టి మెడ చుట్టూ బూడిద రంగు గుడ్డ పట్టీ వెయ్యి. బొంతకాకికి ఆ బూడిద రంగు ఉండదు, ముక్కు లావు. రెండూ వస్తుంటే రెండు రకాలూ చేసుకో.

కట్టే తీరులోనే అంతా ఉంది. కాళ్ల దగ్గర తాడు వేసి తలకిందులుగా వేలాడదీయాలి. ఒక రెక్క విప్పుకుని, రెండోది సగం జారి ఉండాలి. పైన బెరింగ్ స్వివెల్ (గుండ్రంగా తిరిగే కొక్కెం) పెడితే గాలికి తిరుగుతుంది, చేపల గాలాల షాపుల్లో దొరుకుతుంది. కర్ర ఎత్తు గట్టు నుంచి ఏడెనిమిది అడుగులు. ఎకరానికి మూడు నాలుగు చాలు. గాలి ఎటు కొడుతుందో చూసి, తేలిన రొయ్య కొట్టుకొచ్చే మూలలో తప్పకుండా ఒకటి పెట్టు. కాకి మొదట చూసే చోటు అదే.

చీకటి ఉండగానే కట్టు. కాకులు చూస్తుండగా కడితే, కట్టిన మనిషిని గుర్తుపెట్టుకుంటాయి గానీ బొమ్మను నమ్మవు. పొద్దున పదింటికి దించేసి లోపల పెట్టు, సాయంత్రం నాలుగుకు మళ్లీ కట్టు. రెండు రోజులకోసారి చోటు మార్చు. ఇరవై నాలుగ్గంటలూ అక్కడే వేలాడుతుంటే వారం పదిరోజుల్లో అది వాటికి గట్టు మీది కర్రతో సమానం. కాకులు రావడం మానేసిన రోజున పూర్తిగా తీసి దాచేయాలి. చాలామంది అప్పుడే 'బాగా పనిచేస్తుంది' అని అట్టాగే వదిలేస్తారు. మళ్లీ కాకులు వచ్చేనాటికి దాని విలువ పోయి ఉంటుంది.

---

హారన్ సెట్:

సౌండ్ విషయం నేను చెబుతా.

కాకి అరుపులు అన్నీ ఒకటి కాదు. గుంపును పోగేసే గోల అరుపు వేరు, గద్ద గోళ్లలో చిక్కినప్పుడో చేతిలో పట్టుకున్నప్పుడో అరిచే గిలగిలలాడే అరుపు వేరు. వేటగాళ్ల రికార్డింగుల్లో ఎక్కువ భాగం మొదటి రకం. అది పెడితే ఊళ్లో కాకులన్నీ నీ గుంట మీదికే. ఇంకో సంగతి, ఆ వీడియోల్లో అరిచేది అమెరికా కాకి. జాతి వేరు, గొంతు వేరు. మన ఇంటి కాకి అరుపు కావాలంటే జెనో-కాంటో అనే వెబ్‌సైటులో పక్షి శాస్త్రీయ నామంతో వెతుకు: కార్వస్ స్ప్లెండెన్స్. రికార్డింగు కింద అది ఏ రకం అరుపో రాసి ఉంటుంది.

బ్లూటూత్ బాక్సు లాభం లేదు. ఏరియేటర్లు (నీళ్లకు గాలి పట్టించే యంత్రాలు) తిరుగుతుంటే ఆ శబ్దంలోనే కలిసిపోతుంది. దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మీటరు దూరంలో 110 ఉంటే వంద మీటర్ల దగ్గర 70 మిగులుతుంది. కాబట్టి గుడి మైకుకు వాడే హారన్ తీసుకో, 30 వాట్ల యూనిట్. కాకి గొంతు ఎక్కువగా ఒకటి రెండు కిలోహెర్ట్జ్ చుట్టూ ఉంటుంది, హారన్ బాగా పలికేది కూడా ఆ భాగమే. బేస్ అక్కర్లేదు. 12 వోల్టుల క్లాస్-డి ఆంప్ బోర్డు (శబ్దం పెంచేది), మెమరీ కార్డు ప్లేయర్ బోర్డు, టైమర్, యూపీఎస్‌లో వాడే 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ. ఇంతే సెట్. బోర్డులన్నీ మూత గట్టిగా ఉన్న టిఫిన్ డబ్బాలో పెట్టి, వైరు దూరే రంధ్రం సిలికాన్‌తో మూసెయ్. లేకుంటే సముద్రపు గాలికి పచ్చటి తుప్పు పట్టి మొదట స్పీకర్ టెర్మినలే పోతుంది.

ఫైలు బాగా కుదించిన ఎంపీ3 కాకుండా వేవ్ ఫైలు పెట్టు. మొదట్లో 'టక్' శబ్దం లేకుండా కత్తిరించు. ఆ టక్ వింటే కాకి రెండో రోజుకే అర్థం చేసుకుంటుంది, 'ఆ డబ్బా మొదలైంది' అని.

వేసే తీరు: 10–15 సెకన్లు, అంతే. తర్వాత కనీసం పది నిమిషాలు మౌనం, ఆ విరామం కూడా ఒకేలా ఉండకూడదు. పది నిమిషాలు, ఇరవై ఐదు, పదిహేను, అట్టా మారాలి. మూడు నాలుగు వేరువేరు రికార్డింగులు తిప్పుతూ ఉండు. అన్నిటికంటే ముఖ్యం, కాకులు దిగుతున్నప్పుడే వెయ్. ఖాళీ గుంట మీద రోజంతా అరుపు మోగిస్తే నాలుగైదు రోజుల్లో అది వాటికి ఏరియేటర్ చప్పుడులో భాగం అయిపోతుంది. అందుకే పూర్తి ఆటోమేటిక్ టైమర్ కంటే, దాక్కున్న మనిషి చేతిలో రిమోట్ ఉండటం మేలు.

అరుపు వేయగానే కాకులు ముందు దగ్గరికే వస్తాయి. ఒకటి రెండు నిమిషాలు పైన గిరికీలు కొడతాయి. ఇది చూసి 'పనిచేయట్లేదు' అని ఆపేస్తారు. ఆగాలి. కింద తలకిందులుగా వేలాడే కాకి కనిపిస్తే అప్పుడు చెదిరిపోతాయి. అరుపు ఒక్కటే, బొమ్మ ఒక్కటే కంటే రెండూ కలిస్తేనే వాటికి కథ పూర్తవుతుంది.

లౌడ్‌స్పీకర్లకు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిషేధం ఉంది, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు. ఊరు దగ్గరుంటే ఆరు దాటాకే మొదలుపెట్టు.

---

అల్లూరు వనామి:

గుడ్లగూబా ప్లాస్టిక్ కాకులూ తీసేశా. మాటు గురించి ఎవరూ చెప్పలేదు. కుర్రోడు గట్టు మీద గుడిసెలోనే ఉంటాడు, అయినా లెక్క చేయట్లేదు. అది చాలదా?

---

గట్టు మీద మాట:

గుడిసెలో ఉండటం వేరు, కనిపించకుండా ఉండటం వేరు. మీ కుర్రోడు ఎప్పుడు మేత చల్లుతాడో, ఎప్పుడు చెక్ ట్రే లేపుతాడో, ఎప్పుడు క్యారియర్ విప్పుతాడో కాకులకు తెలుసు. ఎంత దూరం పరిగెత్తగలడో కూడా తెలుసు. వాషింగ్టన్ యూనివర్సిటీలో 2006లో ఒక ముసుగు తొడుక్కుని ఏడు కాకుల్ని పట్టి వదిలారు. తర్వాత ఏళ్ల తరబడి ఆ ముసుగుతో ఎవరు కనిపించినా కాకులు వెంటపడి అరిచాయి, పట్టుబడని కాకులు కూడా. అది అమెరికా కాకి. మన కాకి మనుషుల మధ్యనే బతికేది, ముఖాలు చదవడంలో తీసిపోదు.

మాటు ఇట్టా కట్టు. గుంటకు పడమర గట్టు మీద వద్దు, తూర్పు గట్టు మీద కట్టు. పొద్దున సూర్యుడు మాటు వెనక ఉంటే కాకి కళ్లలో ఎండ పడుతుంది, లోపల మనిషి నీడలో ఉంటాడు. సరుగుడు కర్రలు నాలుగు, నాలుగడుగుల చదరం, ఐదడుగుల ఎత్తు. చుట్టూ తాటాకులు. కొత్త పచ్చాకు కాదు, గట్టు మీద పడి ఉండే ఎండుటాకు. పైకప్పు తప్పనిసరి. కాకి పక్క నుంచి కాదు, పైనుంచి చూస్తుంది. వెనక గోడ గట్టిగా మూసెయ్. వెనక నుంచి వెలుతురు వస్తే లోపల కదిలే ఆకారం నల్లగా తెర మీద బొమ్మలా కనిపిస్తుంది. ముందు వైపు కంటి ఎత్తులో అరచేయి వెడల్పు సందు ఒకటి చాలు.

లోపల కూర్చునేవాడు తెల్ల బనియన్, తెల్ల లుంగీ కట్టుకోకూడదు. ఆలివ్ గానీ మట్టి రంగు గానీ వేసుకోమను. ముఖానికి తువ్వాలు. దూరం నుంచి ముందు పట్టిచ్చేవి ముఖం, చేతులే. ఫోను ఆపాలి, ఆ అద్దం మెరుపు గుంట అవతలికి కనిపిస్తుంది. అన్నిటికంటే కదలిక. రంగు తప్పినా కదలకుంటే కొంతవరకు సాగుతుంది, ఎంత మంచి రంగు వేసుకున్నా తల పైకెత్తి చూస్తే అయిపోయింది.

మాటును కనీసం వారం ముందే ఖాళీగా కట్టి వదిలెయ్, అలవాటు పడతాయి. లోపలికి పోవడం చీకట్లో, బయటికి రావడం కాకులు లేనప్పుడు. వాటికి లెక్క కూడా తెలుసు. ఒకడు లోపలికి పోతే వాడు బయటికి వచ్చేదాకా దగ్గరికి రావు. ఇద్దరు కలిసి పోయి, ఒకడు అందరికీ కనిపించేటట్టు వెనక్కి రావడం పాత చిట్కా. కొన్నిసార్లు నడుస్తుంది, అస్తమానం నడవదు.

మాటులో ఉండేవాడి చేతిలో రిమోట్, వడిసెల. వడిసెలకు రాళ్లు వద్దు, మట్టి ఉండలు చాలు. గుండ్రంగా చేసి ఎండబెట్టినవి. కాకి మీదికి కాదు, దానికి పది అడుగుల ఇవతల గట్టు మీదికి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ఉండ పక్కన పగిలితే, వాటికి ప్రమాదం మనిషిలో కాదు, ఆ గట్టులోనే ఉన్నట్టు. అదే కావాలి. మనిషి కనిపిస్తే వాడు లేని టైము చూసుకుని వస్తాయి.

---

నాగులుప్పలపాడు:

ఇదంతా బానే ఉంది గానీ గుడ్లగూబ బొమ్మ మా వైపు మిరప కల్లాల్లో పనిచేస్తుంది. మరీ అంత తీసిపారేయొద్దు.

---

ఇందుకూరుపేట ఆక్వా:

కల్లంలో కాకికి తినేది పెద్దగా లేదన్నా, కాయలు తొక్కుతుంది, రెట్ట వేస్తుంది. అక్కడ చిన్న అనుమానం చాలు, వేరే చోటికి పోతుంది. రొయ్యల గుంట దగ్గర తేరగా మాంసం ఉంది. దానికి వదులుకునేది ఎంత పెద్దదైతే భయం అంత గట్టిగా ఉండాలి.

ఇంకో ముఖ్యమైన మాట, వనామి తమ్ముడికి. కాకులు ఒక్కసారిగా పెరిగాయంటే బొమ్మలు, స్పీకర్లు తర్వాత. ముందు గుంట చూడు. నీరసించిన రొయ్య ఒడ్డుకు వస్తుంది, దాన్ని మనకంటే ముందు చూసేది కాకి. ఒకే మూలలో చేరుతున్నాయా, మొత్తం గట్టు అంతా ఉన్నాయా? ఒకే మూల అయితే అక్కడ వల విసిరి పది పదిహేను రొయ్యలు తియ్. తల పెంకు తీసి వెలుతురుకు పట్టుకుని తెల్ల మచ్చలు ఉన్నాయేమో చూడు, ఒంటి ఎరుపు, ఖాళీ పేగు చూడు. అనుమానం ఉంటే అదే రోజు ల్యాబుకు పీసీఆర్ (వైరస్ పట్టే పరీక్ష) కోసం పంపు. మేత మిగలకుండా, రొయ్య చలాకీగా ఉంటే అప్పుడు కాకి చెక్ ట్రే కోసం వస్తున్నట్టు.

కాకి రెట్టతో వైట్ స్పాట్ వస్తుందని చాలామంది భయం. అసలు భయం రెట్ట కాదు, ముక్కున కరుచుకుని పోయే రొయ్య. జబ్బు గుంటలో ఒకటి ఎత్తుకుని నీ గుంట మీదుగా పోతూ, ఇంకో కాకి తరిమితే వదిలేస్తుంది. ఆ ఒక్క ముక్క చాలు. అందుకే రెండు గుంటల అవతలి వాళ్లతో మాట్లాడి, చచ్చిన రొయ్యను గట్టు అవతల పారేయకుండా సున్నం వేసి పూడ్చమని చెప్పు. నువ్వు ఎంత తరిమినా, అక్కడ విందు సాగుతుంటే నీ మీదుగానే పోతాయి. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ వాళ్లు వనామికి అనుమతి ఇచ్చేటప్పుడు పక్షుల రక్షణ, పీతల కంచె అడిగేది ఊరికే కాదు.

---

అల్లూరు వనామి:

గట్టు అంతా ఉంటాయన్నా, చెక్ ట్రే బల్లల దగ్గర ఎక్కువ. రేపు పొద్దున వల వేసి చూస్తా. పైన దారాలు కట్టాలంటే ఎకరంన్నరకు ఎంత పడుతుంది? ఇప్పుడు కల్చర్ మధ్యలో కట్టొచ్చా?

---

తాడు లెక్క:

ఎకరంన్నర అంటే సుమారు 100 మీటర్లు ఇంటూ 60 అనుకుందాం. గుంట మొత్తం మీద 45 సెంటీమీటర్లకు ఒక దారం అడ్డంగా కడితే 220 పైచిలుకు వరసలు, ఒక్కోటి 60 మీటర్లు. అంటే 13 కిలోమీటర్లు దాటుతుంది. నీటికాకులు కూడా వస్తుంటే అదే కట్టాలి, వేరే దారి లేదు. అవి నడిమధ్యలో మునిగి రొయ్యను పడతాయి. 

మామూలు కాకి మునగదు. గట్టు మీద నడుస్తూ, లోతు లేని చోట కాలు పెట్టి ఏరుకుంటుంది. దానికి గట్టు అంచు నుంచి లోపలికి రెండున్నర మీటర్ల పట్టీ కప్పితే చాలు. చుట్టుకొలత 320 మీటర్లు, 40 సెంటీమీటర్ల ఎడంతో ఆరు దారాలు: 1,920 మీటర్లు. వృథాతో కలిపి 2,200 కొను. గట్టు మీద ఒక వరస, నీళ్లలో ఒక వరస సరుగుడు కర్రలు, ఐదు మీటర్లకు ఒక జత, మొత్తం 64 జతలు. రెండు కర్రల మధ్య అడ్డం కర్ర కట్టి దాని మీదుగా ఆరు దారాలు లాగు. నీళ్ల నుంచి ఎత్తు రెండున్నర అడుగులు ఉంటే కాకి కింద దూరలేదు, మనిషి ఎత్తుకుని లోపలికి పోవచ్చు. గట్టు వైపు పక్క నుంచి నడిచి దూరకుండా రెండడుగుల పాత వల కట్టు. పీతల కంచె ఉంటే దానికే కలిపి కట్టొచ్చు.

తంగూసు వద్దు. కంటికి కనిపించదు, పక్షి చుట్టుకుని చస్తుంది. పులికాట్, నేలపట్టు పక్షి కేంద్రాలు మన జిల్లాల వైపే. గూడబాతో ఎర్రకాళ్ల కొంగో చిక్కి చచ్చిందంటే కాకి కంటే పెద్ద తలనొప్పి. ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల నీలం గానీ తెలుపు గానీ నైలాన్ దారం వాడు. కనిపించాలి, కనిపిస్తేనే దిగవు. వదులైన దారమే పక్షిని చుట్టేస్తుంది కాబట్టి పదిహేను రోజులకోసారి బిగించు. ఎండకు ఒక పంట దాటాక చేత్తో లాగితే తెగుతుంది, రెండో పంటకు మార్చేయ్.

కల్చర్ మధ్యలో అంచు పట్టీ కట్టొచ్చు. నీళ్లలో కర్ర దిగ్గొట్టేటప్పుడు అడుగు బురద కదులుతుంది, అందుకని ఒకేరోజు అన్నీ కాకుండా రోజుకో వైపు. మబ్బు పట్టిన రోజు, ఆక్సిజన్ తక్కువ ఉండే తెల్లవారుజామున వద్దు. ఎండెక్కాక, ఏరియేటర్లు తిరుగుతుండగా చెయ్యి. గుంట మొత్తం దారాలు మాత్రం పంట తీశాక, ఎండగట్టినప్పుడే.

చెక్ ట్రే బల్లకు విడిగా ఒక పని ఉంది. బల్ల పక్క కమ్మీ మీద జీఐ తీగ లాగి, దానికి ముప్పాతిక అంగుళం పీవీసీ పైపు ముక్కలు వదులుగా ఎక్కించు. కాకి కాలు పెట్టగానే పైపు తిరుగుతుంది, నిలవలేదు. ట్రే చూశాక మిగిలిన మేతను బల్ల మీద దులపకుండా బకెట్లో వేసి తీసుకుపోవాలి. సగం కాకులు దానికే వస్తాయి. మేత గది ముందు చిందిన మేత కూడా అంతే, చీపురు పట్టని గుంట దగ్గర ఏ బొమ్మా పనిచేయదు.

---

సింగరాయకొండ ఇసుక చేను:

వేరుశనగ వేసేవాళ్లు కూడా ఈ చర్చ చదువుతుంటారు కాబట్టి రెండు ముక్కలు. ఇసుక నేలల్లో విత్తిన దగ్గర నుంచి పది పన్నెండు రోజులే ప్రమాదం. గింజను, మొలక మీది పప్పు బద్దను తవ్వి తింటాయి. రెండాకులు విచ్చుకుని వేరు దిగాక వదిలేస్తాయి. గింజ ఐదు సెంటీమీటర్ల లోతు పడాలి, పైన పలక తోలి సాలు గీత కనిపించకుండా చదును చెయ్యాలి. సాలు కనిపిస్తే కాకి సాలు పట్టుకుని వరసగా తవ్వుకుంటూ పోతుంది. తలకిందుల కాకి బొమ్మ ఈ పది రోజులకు బాగా సరిపోతుంది, అలవాటు పడేలోపు పని అయిపోతుంది. మొదటి గింజ తవ్వకముందే కట్టాలి. రుచి తెలిశాక కడితే సగమే ఫలితం.

---

అల్లూరు వనామి:

వల వేసి చూశామన్నా. రొయ్య చలాకీగానే ఉంది, మచ్చలు లేవు, పేగు నిండుగా ఉంది. అయినా శాంపిల్ ల్యాబుకు పంపా. చెక్ ట్రే బల్ల కింద చూస్తే దులిపిన మేత గడ్డ కట్టి ఉంది. ముందు అది కడిగించి, పైపులు ఎక్కిస్తుండాం. బొమ్మలు మూడు చేస్తున్నా. బూడిద గుడ్డ మెడకేనా, గుండె మీదికి కూడా రావాలా?

---

ఇందుకూరుపేట ఆక్వా:

మెడ వెనక నుంచి గుండె పైభాగం దాకా. నుదురు, నెత్తి, గొంతు నల్లగానే ఉంచు. రెక్కలు, తోక నల్లవి. పైపు ముక్కలు ఒక్కోటి మూడడుగులకు మించొద్దు. పొడుగైతే మధ్యలో వంగి, తిరగకుండా పట్టేస్తుంది.